చేతులు తెరిచే పాఠం

కంకిపాడు, జనవరి 1978

వెంకటప్పయ్య మాష్టారికి వందనాలు.

మళ్లీ గవర్నర్‌పేట యోగా క్లాసుకి రమ్మని, ఈ వేసవికి బందరు సముద్రంలో చెక్క మీద నిలబెట్టి అలల మీద స్వారీ చేయిస్తానని రాశారు. ఇక రాలేనండీ.

"అల పడేస్తే చెక్కని పట్టుకుని వేలాడకు. ఒళ్లు వదులు చేసి చేతులు తెరిచెయ్యి, తేలతావు" అంటూ డాబా మీద ఎన్నిసార్లు చేయించారు! ఆలోచించకుండానే వచ్చేసేంత అలవాటైపోయింది.

మొన్న నవంబరులో ఉప్పెన వచ్చిన రోజున నేనూ నా భార్య శౌరమ్మా నాగాయలంకలో మా అత్తారింట్లో ఉన్నాం. నీళ్లు మీద పడగానే నా ఒళ్లు దానంతటదే వదులైంది, చేతులు తెరుచుకున్నాయి. నేను తేలాను. శౌరమ్మ తేలలేదు.

అప్పుడు నా చేతిలో ఉన్నది చెక్క కాదండీ, తన చెయ్యి.

మీరు బాగానే నేర్పారు మాష్టారూ. నిద్రలో కూడా చేతులు తెరుచుకుంటున్నాయి. వాటిని మూయించే ఆసనం ఏదైనా ఉంటే రాయండి.