అప్పుకీ తప్పుకీ ఒకటే మాట

మంగళవారం, రాత్రి

ఈరోజు రాజమండ్రిలో జర్మన్ క్లాసులో 'షుల్ట్' అనే మాట నేర్చుకున్నాను. అప్పుకీ తప్పుకీ వాళ్ళకి అదొక్కటేనట. రావులపాలెం వచ్చేదాకా బస్సులో దాన్నే నెమరేసుకున్నాను. భోజనాల దగ్గర నాన్నగారికి సంబరంగా చెప్పాను.

ఆయన అన్నం కలపడం ఆపేశారు. "ఇంటి మీద అప్పు చేసింది నేను. తప్పు కూడా నాదేనంటారేంటమ్మా మీ మేడమ్ గారు?"

"అది పాఠం అప్పజెబుతుంటే మీరు భుజాలు తడుముకుంటారేంటండీ!" అంది అమ్మ.

నర్సింగ్ అవగానే నేను నాలుగేళ్ళు జర్మనీలో పనిచేస్తే ఇంటి లోను చాలా ముందే తీరిపోతుంది. దరఖాస్తు మీద నాన్నగారి సంతకం ఒక్కటే మిగిలింది. నెల రోజులుగా పెట్టడం లేదు.

చెయ్యి కడుక్కుని వచ్చి అడిగారు. "నిజం చెప్పమ్మా. ఈ లోనే లేకపోతే వెళ్తావా?"

"వెళ్ళనండి," అన్నాను.

అబద్ధం. లోను లేకపోయినా వెళ్తాను. ఆ కొత్త మాటల మధ్య కొన్నాళ్ళు బతకాలని ఉంది. ఆయన చిన్నబుచ్చుకుంటారని అలా అనేశాను.

"అయితే వద్దు. నా అప్పు నేనే తీర్చుకుంటాను," అని దరఖాస్తు మడిచి నా చేతిలో పెట్టేశారు.

ఇల్లు విడిచి వెళ్ళాలని నాకే ఉందని తెలిస్తే తప్ప ఆయన సంతకం పెట్టరు. పొద్దున్నే చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో...