మా అమ్మ నా జూనియర్

ప్రియమైన జూనియర్ గారికి,

కన్నతల్లిని జూనియర్ అని పిలవచ్చని ఏ శాస్త్రంలోనూ లేదు, నాకు తెలుసు. కానీ ఆ కాలేజీ గేటు నీకంటే నేను ముందు దాటాను. అక్కడి బెంచీల మీద నీకంటే ముందు నిద్రపోయాను. ఈ ఒక్క విషయంలో వయసు లెక్కలోకి రాదు.

నువ్వు మొదటి సంవత్సరం పేపర్లన్నీ గట్టెక్కి, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు రెండో ఏట అడుగుపెట్టావని నాన్న ఫోన్‌లో చెప్పారు. ఆయన గొంతు వింటే పరీక్షలు ఆయనే రాశారేమో అనిపించింది. "మీ అమ్మకి రక్తకణాల పేర్లన్నీ నోటికొచ్చురా, మన చుట్టాల పేర్ల కన్నా బాగా చెబుతోంది" అన్నారు.

సీనియర్ హోదాలో కొన్ని రహస్యాలు అప్పగిస్తున్నాను. లైబ్రరీలో కిటికీ పక్క కుర్చీలో కూర్చోకు. దాని నాలుగో కాలు కేవలం మర్యాద కోసం ఉంది. మీ ల్యాబు, మా అకౌంట్స్ క్లాసు ఒకే రేకుల కప్పు కింద ఉంటాయి కదా, వాన పడితే ఆ చప్పుడుకి మా సారు నోరు మూసుకుని బోర్డు మీద రాసేవారు. మేం చేతులూపి సందేహాలు అడిగేవాళ్ళం. అంత ప్రశాంతమైన చదువు నాకు మళ్ళీ దొరకలేదు.

మన గంట సంగతి నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అయినా రాస్తాను, రాస్తే నాకు బాగుంటుంది. మన దగ్గర తొమ్మిదంటే గడియారంలో తొమ్మిది కాదు. దూరపు పల్లెల బస్సు వచ్చి, అందులోంచి ఆఖరి పిల్ల దిగి, గేటు దాటాకే అటెండరు గంట కొడతాడు. ఎప్పుడు కొట్టినా అదే తొమ్మిది. ఇక్కడ యూనివర్సిటీలో నిమిషం దాటితే తలుపు మూసేస్తారు. మొదటి వారం ఆ మూసిన తలుపు ముందు నిలబడి, నేనింకా రాలేదు కదా, ఎలా మొదలెట్టేశారబ్బా అని చాలాసేపు ఆలోచించాను.

ఉత్తరమే రాయి. ఫోన్‌లో అయితే నీ మాటలు కూడా నాన్నే చెప్పేస్తున్నారు.

అకౌంట్స్ శాఖ మాజీ నిద్రాపరుడు,
నీ కొడుకు


ప్రియమైన సీనియర్ వెధవకి,

ఆశీస్సులు. ఆ కుర్చీ సంగతి ఒక వారం ముందు రాసి ఉంటే బాగుండేది. పడ్డాను. లైబ్రరీ అంతా లేచి నిలబడింది. అంతా అంటే ముగ్గురు.

నా పక్కన కూర్చునేది దూరపు బస్సులో వచ్చే పిల్ల. నీకన్నా చిన్నది. నిరుడు మొదటి రోజు నన్ను చూసి లేచి "గుడ్ మార్నింగ్ మేడమ్" అంది, నేను పాఠం చెప్పడానికొచ్చాననుకుని. ఇప్పుడు "అత్తా" అంటుంది, నా క్యారేజీలో సగం తినేస్తుంది. ప్రాక్టికల్స్‌కి మా ఇద్దరిదీ జత.

ఇక అసలు సంగతి. వచ్చే ఏడాది నుంచి మా కోర్సుని పట్నం కాలేజీకి మార్చేస్తున్నారు. చేరే పిల్లలు చాలడం లేదట. మాదే ఆఖరి బ్యాచి. ఈసారి తప్పానంటే మళ్ళీ రాయడానికి పట్నం వెళ్ళి ఏడాది పాటు ఉండాలి. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి ఆసుపత్రిలో ఆయా పని, ఆ పైన మీ నాన్న. వీటిలో దేన్ని వదిలి వెళ్ళను? మూడోదాన్ని వదలొచ్చు అంటావు, నాకు తెలుసు.

మా ఆసుపత్రి పై అంతస్తు ల్యాబులో ఆయన ఈ ఏడే రిటైరవుతున్నారు. "సర్టిఫికెట్ తెచ్చుకోమ్మా, ఆ కుర్చీ నీదే" అని పెద్ద డాక్టరుగారు అందరి ముందూ అన్నారు. ఇన్నేళ్ళుగా రక్తం సీసాలు ఆ ల్యాబు తలుపు దాకా మోసి, గడప దగ్గర అందించి దిగిపోతున్నాను. ఒక్కసారి ఆ గడప అవతల కూర్చోవాలని ఉందిరా.

పుస్తకాల్లో ఇబ్బంది లేదు. ఇబ్బందంతా సూదితో. ల్యాబులో ఒక రబ్బరు చెయ్యి ఉంది, దాని దగ్గర నేను మహారాణిని. నరం దొరికిందంటే తప్పడం లేదు. కానీ రబ్బరు చెయ్యి "స్స్" అనదు. ఈ పిల్ల అంటుంది. అది అనగానే "అయ్యో తల్లీ, నొప్పా?" అని సూది బయటికి లాగేస్తున్నాను. నాలుగుసార్లు గుచ్చి నాలుగుసార్లూ లాగేశాను. ల్యాబు సారు తల పట్టుకుని, "బయటికి తియ్యాల్సింది రక్తమమ్మా, సూది కాదు" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

మీ నాన్నకి చెప్పకు. ఆయన వీధిలో అందరికీ నేను క్లాసు ఫస్టని చెప్పుకుని తిరుగుతున్నారు.

తలకి నూనె రాసుకుంటున్నావా?
అమ్మ


ప్రియమైన మహారాణీ వారికి,

తమ లేఖ అందింది. తమ సమస్యపై అకౌంట్స్ శాఖ తీవ్రంగా చర్చించింది. చర్చలో నేనూ, నా రూమ్మేటూ పాల్గొన్నాం. అతను మధ్యలో స్నానానికి వెళ్ళాడు.

తీర్మానం ఇది. నీకు పరాయి పిల్లల మీద జాలి ఎక్కువ. సొంత కొడుకు మీద ఏనాడూ లేదు. చిన్నప్పుడు నా కాల్లో ముల్లు దిగితే, నేను వీధి చివరిదాకా వినబడేలా అరుస్తున్నా నువ్వు పిన్నీసుతో తవ్వి తీసి, "అయిపోయింది, పో" అన్నావు. ఆ స్త్రీమూర్తి ఎక్కడికెళ్ళింది? వెంటనే పిలిపించాలి. వచ్చే సెలవుల్లో నా కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ రెండూ తెస్తున్నాను. ఈ శరీరం ఎలాగూ నువ్విచ్చిందే. కావలసినన్ని సార్లు గుచ్చుకో. నేను "స్స్" అననని ఇందుమూలంగా హామీ ఇస్తున్నాను.

కోర్సు తీసేస్తున్నారన్న వార్త దగ్గర మాత్రం ఉత్తరం పక్కన పెట్టి కాసేపు బయట తిరిగొచ్చాను. మా క్లాసుకీ మీ ల్యాబుకీ మధ్య గోడ పైదాకా ఉండదు, చూశావా? పైన్నుంచి స్పిరిట్ వాసన వచ్చేది. ఖర్చులూ ఆదాయాలూ కలుపుతుంటే ఆ వాసనకి మా లెక్కలన్నీ పరిశుభ్రంగా ఉన్నట్టనిపించేది. అవతల్నించి సీసా పగిలిన చప్పుడు వినబడితే మేమంతా చప్పట్లు కొట్టేవాళ్ళం. మీ సారు గోడ మీంచి తొంగిచూసి, "పక్కవాళ్ళు కొంచెం మెల్లగా ఆనందించండయ్యా" అనేవారు. ఇప్పుడా గదిలో ఏం పెడతారట? విరిగిన బెంచీలా? బెంచీలైతే ఫర్వాలేదు. వాటిని నేనెరుగుదును.

త్యాగధనుడు,
నీ కొడుకు


ప్రియమైన త్యాగధనుడికి,

క్షేమంగా చేరావనుకుంటాను. తల మీద బొప్పి తగ్గిందా?

ల్యాబు సారు అంటున్నారు, "సూది తగిలి పడిపోయినవాళ్ళని చూశానమ్మా, దూది తగిలి పడిపోయినవాణ్ణి ఇదే చూడ్డం" అని. నేనింకా సూది మూత కూడా తియ్యలేదు కదరా! స్పిరిట్ దూదితో మోచెయ్యి తుడిచానో లేదో, కళ్ళు తేలేసి స్టూలు మీంచి జారిపోయావు. మా క్లాసు పిల్లలందరికీ నువ్వు ఉపయోగపడ్డావు. మూర్ఛ పోయినవాడికి కాళ్ళు ఎత్తిపెట్టాలని పుస్తకంలో చదివారు, ఆ రోజు ఒక్కొక్కళ్ళూ వచ్చి ఎత్తి చూశారు.

నవ్వింది చాలు. నువ్వు వెళ్ళాక మళ్ళీ ఆ పిల్ల చేతి మీద ప్రయత్నించాను. మళ్ళీ అదే. సగంలో లాగేశాను. ఈసారి ఆ పిల్ల నవ్వలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించింది. మోచేతి మడతంతా నీలం, పచ్చ.

"అత్తా, ఒక మాట చెబుతా, కోపం తెచ్చుకోరు కదా?"

"చెప్పవే."

"మీరు జాలిపడి తీసేసిన ప్రతిసారీ నన్ను మళ్ళీ గుచ్చాల్సొస్తోంది. మీ జాలితో నా చెయ్యి చచ్చిపోతోంది అత్తా. ఒక్కసారి జాలి లేకుండా గుచ్చండి, మీకు పుణ్యముంటుంది."

ఇంత చిన్న లెక్క నాకెందుకు తట్టలేదో. మధ్యలో తీసేస్తే ఆగేది నొప్పి కాదు, అది రెండోసారి మొదలవుతుంది. తెలిసింది. తెలిసీ మర్నాడు మళ్ళీ లాగేశాను. బుర్రకి తెలిసింది వేళ్ళకి తెలియడం లేదురా.

పరీక్ష వచ్చే నెలలోనే. సారు మంచి మాటతోనే అన్నారు, "రికార్డుకీ వైవాకీ మార్కులొస్తాయమ్మా, కానీ రక్తం తియ్యకపోతే పాస్ చెయ్యరు" అని. ఆసుపత్రిలో సీసాలు పైకి తీసుకెళ్ళినప్పుడు ఆ కుర్చీ వైపు చూడ్డం మానేశాను.

దిగులుపడకు. పడతావు కాబట్టే రాశాను.
అమ్మ


ప్రియమైన అమ్మకి,

జూనియర్ అని మొదలెట్టాను, కొట్టేసి అమ్మ అని రాశాను.

మూర్ఛ విషయంలో నా వైపు నుంచి ఒక్క మాట: ఆ రోజు నేను ఉదయం ఏమీ తినలేదు. ఇది నిజం కాదు, కానీ రూమ్మేటుకి ఇలాగే చెప్పాను.

నా బొప్పికి నువ్వు మంచు గడ్డ పట్టిన తర్వాత, మీ క్లాసు అయ్యేదాకా కాలేజీ అంతా తిరిగాను. మా క్లాసులో నా బెంచీ ఇంకా ఉంది. గణిత చిహ్నాలన్నీ చెక్కి ఉన్నాయి, పాఠం వింటూ చెక్కినవి కావు. వరండాలో దూరపు బస్సు పిల్లలు బస్సు కోసం కూర్చుని ఒకళ్ళకొకళ్ళు చదివి వినిపించుకుంటున్నారు. ఒకమ్మాయి నన్ను చూసి "అత్త వాళ్ళబ్బాయి, ఇందాక పడిపోయాడే, ఆయనే" అని పరిచయం చేసింది. ఆ కాలేజీలో ఇన్నాళ్ళు చదివి నేను సంపాదించిన కీర్తి అదీ.

కానీ అమ్మా, వెళుతూ ల్యాబు కిటికీలోంచి నిన్ను చూశాను. నువ్వు చూడలేదు. రబ్బరు చెయ్యి ముందు కూర్చుని, దానితో ఏదో నెమ్మదిగా మాట్లాడుతున్నావు. నేను ఆ గదుల్లో రెండేళ్ళు కూర్చున్నాను గానీ, అంత ఇష్టంగా ఏ పనీ చెయ్యలేదు. నువ్వు పాసవ్వాలి. ఇది జోకు కాదు. ఎక్కడ నవ్వాలా అని వెతకకు.

పరీక్ష అవగానే రాయి.
నీ కొడుకు


ప్రియమైన నా కొడుక్కి,

చాలా రోజులు రాయలేదని కోపంగా ఉంటావు. ఫలితం తెలిశాకే రాద్దామని ఆగాను. ఫోన్‌లో చెప్పొద్దని మీ నాన్న దగ్గర ఒట్టేయించుకున్నాను. ఆయన ఎంత అవస్థపడ్డారో నీకు తెలియదు.

పరీక్ష చేయించడానికి పట్నం నుంచి ఒకావిడ వచ్చారు. చేతికి గడియారం, మాట కత్తిరించినట్టు. తొమ్మిది కాగానే "మొదలుపెట్టండి" అన్నారు. ల్యాబు సారు, "ఇంకా బస్సు రాలేదండీ" అన్నారు. "పరీక్షకి బస్సుతో పనేంటి?" అన్నారావిడ. ఆవిడ తప్పేం లేదు, ఆవిడకేం తెలుసు! అటెండరు గంట కర్ర పట్టుకుని గేటు వైపే చూస్తూ నిలబడ్డాడు.

నా జత పిల్ల ఆ బస్సులోనే రావాలి. పేర్ల వరసలో నేనే ముందు. "బస్సు పిల్లలు వచ్చాక చేస్తారు. ఉన్నవాళ్ళు మీ జత లేకపోతే పెద్దవాళ్ళెవరినైనా ఒప్పించి తెచ్చుకోండి" అన్నారావిడ. బయటికొచ్చి చూస్తే వరండాలో మనిషి లేడు. సూది మాట వినగానే ఎటు పోయారో!

గేటు దగ్గర మీ నాన్న. నన్ను దింపి వెళ్ళకుండా సైకిల్‌కి ఆనుకుని నిలబడి ఉన్నారు. విషయం చెప్పాను. చొక్కా చెయ్యి మడుస్తూ లోపలికి నడిచారు.

"నాకు సరిగ్గా రాదండీ" అన్నాను, దారిలో, మెల్లగా.

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"ఆరు నెలలుగా ఇంట్లో అరటిపళ్ళన్నిటికీ చిల్లులే. నాకు తెలియదా?"

ఒక్కనాడూ అడగలేదు చూడు. చిల్లులున్న పళ్ళే తిని ఊరుకున్నారు.

కూర్చోబెట్టి మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించాను. నరం దొరికింది. నీకు నవ్వొస్తుందని తెలుసు, మీ నాన్న చెయ్యి కాబట్టి పాతికేళ్ళ కోపంతో గుచ్చానంటావు. కొంచెం అదీ ఉంది. కానీ ఆయన సూది వైపు చూడలేదు. నా మొహం వైపే చూస్తూ కూర్చున్నారు, నేను వండింది రుచి చూసేటప్పుడు చూస్తారే, అలా. గుచ్చాను. ఆయన కనుబొమ్మ కదిలింది. నా వేళ్ళు వెనక్కి రాబోయాయి. ఆ పిల్ల నీలం పచ్చా మోచెయ్యి గుర్తొచ్చింది. ఆగాను. సిరంజిలోకి ఎర్రగా వచ్చింది. పట్టీ విప్పి, సూది తీసి, దూది పెట్టి, చెయ్యి మడిచాను. అంతా అయ్యాక, "నొప్పెట్టిందా?" అన్నాను.

"అది ముందు అడగొద్దూ?" అన్నారు మీ నాన్న.

"ముందడిగితే తీసేసేదాన్ని."

ఎగ్జామినర్ ఆవిడ తల వంచుకుని ఏదో రాసుకున్నారు గానీ, నవ్వుతున్నారని నాకు తెలుసు. కాసేపటికి బస్సొచ్చింది. ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి, "అత్తా, సారీ అత్తా" అని ఏడుపు మొదలెట్టింది. దాని పరీక్షకి నా చెయ్యే ఇచ్చాను. గట్టి పిల్ల, ఒక్క పోటులో తీసేసింది. ఇద్దరం పాసయ్యాం.

మొన్న ల్యాబు సామానంతా లారీలో పట్నం పోయింది. మైక్రోస్కోపులు దుప్పట్లలో చుట్టారు. రబ్బరు చేతిని ఎక్కడ పెట్టాలో తెలియక సారు చంకలో పెట్టుకుని నిలబడ్డారు. లారీ కదిలాక గదిలోకి వెళ్ళి చూశాను. స్పిరిట్ వాసన మాత్రం వాళ్ళు పట్టుకెళ్ళలేకపోయారు. గోడ అవతల అకౌంట్స్ వాళ్ళకి పాఠం జరుగుతోంది. ఎవరో ఆవలించారు. నువ్వే అనుకున్నాను.

పోయిన సోమవారం నుంచి ఆసుపత్రిలో పైనే నా పని. గడప దాటి కూర్చున్నాను. కుర్చీ కొంచెం ఎత్తు, కాళ్ళు అందడం లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పను.

ఇక మీ నాన్న సంగతి. ఇప్పుడు దాచాల్సిన ఒట్టు కూడా లేదు కదా, వీధిలో దొరికిన ప్రతి మనిషినీ ఆపి, చొక్కా చెయ్యి పైకి లాగి, మోచేతి మడత చూపిస్తున్నారు. నిన్న మన ఎదురింటాయన కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసి, "ఏదండీ, ఏమీ కనబడ్డం లేదే? మచ్చ కూడా లేదు" అన్నాడు.

"అదేనండీ నేను చూపించేది!" అన్నారు మీ నాన్న.

పై అంతస్తు నుంచి,
అమ్మ