ఇంట్లో మోగని రేడియో

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఫోను చేస్తే ఎత్తను, ఇంకా ఉత్తరాల కాలంలోనే ఉన్నానని వెక్కిరించావు. ఏం చెయ్యమంటావు? రోజంతా చెవికి ఫోను తగిలించుకుని, నీళ్ళు రాలేదని, పైపు పగిలిందని, మురికినీళ్ళు వస్తున్నాయని ఊరంతా పెట్టే కేకలు వినే ఉద్యోగం నాది. ఇంటికొచ్చాక ఫోను మోగిందంటే, అది నువ్వైనా సరే, నీళ్ళ గురించే తిడతావేమోనని గుండె దడదడలాడుతుంది. కాగితం అరవదు. అందుకే నాకు కాగితమంటే ఇష్టం.

నువ్వడిగినదానికి జవాబు రాస్తున్నాను. వస్తాను. నీ కుట్టు షాపు మీద గదికి రంగు వేయించావట కదా, కిటికీకి పరదా కూడా కుట్టి పెట్టు. చుట్టంచూపుగా కాదు అక్కా, ఉండిపోవడానికే వస్తాను. ఈ ఒక్క మాట రాయలేక ఎన్ని కాగితాలు చించానో! రాసి, లేచి కిటికీ దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి చదువుకున్నాను. మార్చాలనిపించలేదు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు కానీ నీ దగ్గర నాకేం దాపరికం? ఆయన తాగడు. తిట్టడు. చెయ్యెత్తడు. అందుకే ఎవరితో అన్నా "నీకేం లోటే" అంటారు. నాకు మాట లోటు. నువ్వు మౌనముని అని పేరు పెట్టి నవ్వుతావు, ఆ మునితో కాపురం చేసేది నేను. సాయంత్రం లాంచీ దిగి ఇంటికొస్తాడు. బూట్లు చప్పుడు కాకుండా విప్పుతాడు. గిన్నెలు చప్పుడు కాకుండా కడుగుతాడు. తలుపు కూడా, పసిపాప నిద్రపోతున్న ఇంట్లోలాగా మెల్లగా దగ్గరికి వేస్తాడు. మా ఇంట్లో పసిపాప లేదు, ఇక రాదు కూడా. పిల్లలు లేని ఇంట్లో కనీసం మాటలైనా ఉండాలి కదా? నేను ఎంత వాగినా బెల్లం కొట్టిన రాయిలా వింటాడు. నేను ఎక్కడికి బయల్దేరినా తల ఊపుతాడు. "త్వరగా రా" అని ఒక్కసారి కూడా అనలేదు. ఉన్నా ఒకటే, పోయినా ఒకటే అన్నట్టు.

ఇంతలో ఈ దీవి ప్రయాణం వచ్చిపడింది. మొన్న అన్నం తింటూ తింటూ, "పెళ్ళిరోజుకి దీవి. రెండు రోజులు. సెలవు పెట్టు" అన్నాడు. ఈ ఏడాది ఆయన నోటి వెంట వచ్చిన అతి పొడుగు ఉపన్యాసం అదే! ఆ దీవి మా మేడ మీద నుంచి గీతలా కనబడుతుంది. లాంచీలో టికెట్లు చూసి, తాడు కట్టి, మైకులో చెప్పే పని కదా ఆయనది, రోజూ వెళ్ళొస్తూనే ఉంటాడు. నేను మాత్రం ఒక్కసారీ అడుగు పెట్టలేదు. ఆయనకి ఖాళీ ఉన్నప్పుడు నాకు డ్యూటీ, నాకు ఖాళీ ఉన్నప్పుడు సముద్రాన్ని తలుచుకుంటేనే కడుపులో తిప్పు. ఇంటి పక్కనే ఉన్నదాన్ని చూడటానికి ఎవరు మాత్రం ప్రయాణం కడతారులే.

చుట్టూ నీళ్ళు, పక్కన రాయిలాంటి మనిషి. రెండు రోజులు ఏం చెయ్యాలో తోచడం లేదు. అయినా వెళ్తాను. పదిహేనేళ్ళ కాపురానికి ఆ మాత్రం మర్యాద ఉండాలి. అక్కడే కూర్చోబెట్టి చెప్పేసి, తిరిగొచ్చి, మంగళవారం పొద్దుటి బస్సెక్కుతాను.

కాలు నిలవని
నీ చెల్లెలు

*

అక్కా,

దీవి మీద నుంచి రాస్తున్నాను. శనివారం, భోజనాల వేళ దాటింది. ఈ గెస్టుహౌసు గదిలో కుర్చీ బాగుంది, మంచం బాగుంది, కిటికీలోంచి సముద్రం బాగుంది. నాకే ఎక్కడా కూర్చోబుద్ధి కావడం లేదు. కాలుగాలిన పిల్లిలా గదికీ వరండాకీ మధ్య తిరుగుతున్నాను. కింద గదివాళ్ళు ఒకసారి పైకి చూశారు కూడా.

పొద్దున లాంచీ దగ్గర మొదలైంది ఇదంతా. ఆయన సెలవులో ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మేం రేవులో అడుగు పెట్టామో లేదో "రేడియో వచ్చాడ్రోయ్" అని కేక. నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరా రేడియో అని. నాకు కడుపులో తిప్పుతుందని ఇంజనుకి దూరంగా చివరి బల్ల మీద కూర్చోబెట్టి, చేతిలో నిమ్మకాయ పెట్టి, ఆయన ముందుకెళ్ళాడు. కాసేపటికి మైకులో ఒక గొంతు మొదలైంది.

"అమ్మల్లారా, అయ్యల్లారా! సముద్రం ఇవాళ మంచి హుషారుగా ఉంది, మీరూ అలాగే ఉండండి. వాంతి వచ్చేవాళ్ళు గాలికి ఎదురుగా నిలబడొద్దు, మనం కక్కింది మన మీదికే వస్తుంది. ఇది సముద్రానికే కాదు, సంసారానికీ పనికొస్తుంది, రాసుకోండి!"

లాంచీ లాంచీ అంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వాక తెలిసింది, ఆ గొంతు మా ఆయనది.

దారి పొడుగునా మాట్లాడాడు. పిల్లల్ని ఏడిపించాడు, ముసలమ్మతో వేళాకోళం ఆడాడు, ఎవరి మోకాలి నొప్పి ఎలా ఉందో అడిగాడు. మాటలు కోటలు దాటాయి. నేను నిమ్మకాయ పట్టుకుని కొత్తవాళ్ళని చూసినట్టు చూస్తూ కూర్చున్నాను.

దీవిలో దిగాక ఇంకా అన్యాయం. రేవులో టీ కొట్టావిడ నన్ను చూడగానే, "మీరేనా రేడియో గారి ఇంటావిడ! ఉండండి, మీరు చివరి గుక్క వదిలేస్తారట కదా, గ్లాసు నిండా పొయ్యను" అంది. నేను నోరు తెరిచేలోపే, "నిద్రలో కూడా 'మీ ఫిర్యాదు రాసుకున్నామండీ' అంటారట!" అని పడీపడీ నవ్వింది. సైకిళ్ళు అద్దెకిచ్చేవాడు, "బల్లి వచ్చిందని ఇల్లు వదిలి మెట్ల మీద కూర్చున్నది మీరేనా అండీ?" అన్నాడు. ఎంతో గౌరవంగా, చేతులు కట్టుకుని అడిగాడు! గెస్టుహౌసు కాపలాదారుకి నా తలనొప్పి ఏ పక్క వస్తుందో తెలుసు. నా మొగుడు నా గురించి నాతో తప్ప అందరితోనూ మాట్లాడాడు అక్కా.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఊరికి ఉపకారి, ఆలికి అపకారి అని ఊరికే అన్నారా? ఆయనకి మాటలు రావనుకుని ఇన్నేళ్ళూ జాలిపడ్డాను. రాక కాదు, నాకు ఇవ్వడు. ఉన్నదంతా ఇక్కడ పంచిపెట్టి, ఖాళీ సంచీతో ఇంటికొస్తాడు. ఇక్కడ ఒక ఆడది ఉండుంటే బాగుండేది, జుట్టు పట్టుకునేదాన్ని. ఊరు మొత్తం సవతి అయితే ఎవరి జుట్టని పట్టుకోను?

ఇంకోటి చెప్పనీ. గదిలోకి వచ్చి తలుపు వేశామో లేదో, స్విచ్చి కట్టేసినట్టు ఆగిపోయాడు. బూట్లు చప్పుడు కాకుండా విప్పాడు. సంచీ చప్పుడు కాకుండా కింద పెట్టాడు. నేను మంచం మీద కూర్చుని ఆ మనిషి కోసం, ఆ లాంచీలో మనిషి కోసం చూశాను. రాలేదు. నా వంక ఒకసారి చూసి, తల ఊపి, రేవులో తాళ్ళు కట్టే కుర్రాళ్ళకి సాయం చేస్తానన్నట్టు చేత్తో చూపించి వెళ్ళిపోయాడు. సెలవు రోజున!

ఏడవాలనుకున్నాను, ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది. మెల్లగా, సర్దిచెప్పినట్టు చెప్దామనుకున్నాను కదా, ఇప్పుడు అలా కాదు. సాయంత్రం రేవులో బల్ల మీద కూర్చోబెట్టి, అడగాల్సింది అడిగి, నీ దగ్గరికి వచ్చేస్తున్నానని మొహం మీదే చెప్పేస్తాను. ఈ ఉత్తరం ఇప్పటి లాంచీలో పంపుతున్నాను. తీసుకెళ్ళి మీ ఊరి టపా సంచీలో వెయ్యమని లాంచీలో పనిచేసే ఆయన స్నేహితుడికే ఇస్తున్నాను, చూశావా నా ధైర్యం.

పరదా కుట్టావా?

నీ చెల్లెలు

*

వదినగారికి,

ఈ చేతిరాత చూసి కంగారుపడకండి. మీ చెల్లెలికి ఏమీ కాలేదు. రాస్తున్నది మీరు మౌనముని అని పేరు పెట్టిన మనిషి. ఆ పేరు నాకు ముందే తెలుసు, బాగుంది, దీవిలో వాళ్ళకి చెప్తే చాలా నవ్వారు. మీ చెల్లెలు సంచీ సర్దుకుంటూ, "జరిగింది మీరే రాయండి, మా అక్కకి మీ మాట ఎలా ఉంటుందో తెలియాలి" అంది. రాయడం మొదలుపెడితే ఆపలేనేమో, ముందే క్షమించండి.

శనివారం సాయంత్రం నన్ను రేవులో బల్ల మీద కూర్చోబెట్టింది. నిలబడే మాట్లాడింది. మీ షాపు మీద గది సంగతి చెప్పింది, మంగళవారం బస్సు సంగతి చెప్పింది. చివరికి, "ఊరందరికీ ఇచ్చిన మాట నాకెందుకు ఇవ్వలేదు?" అని అడిగింది. నేను అన్నాను, "నువ్వే కదా వద్దన్నావు" అని. ఆమె మొహం చూడాలి మీరు.

పెళ్ళైన కొత్తలో నేను ఇంట్లో కూడా రేడియోనే వదినా. ఒకరోజు పెద్ద పైపు పగిలి ఊరంతటికీ నీళ్ళు ఆగిపోయాయి. ఈవిడ ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లో నేల మీద కూలబడింది. నేను నవ్విద్దామని లాంచీలో జరిగిన తమాషా ఒకటి ఎత్తుకున్నాను. రెండు చెవులూ మూసుకుని, "మీకు దణ్ణం పెడతాను, ఈ ఇంట్లోనైనా ఎవరి గొంతూ లేకుండా ఉండనివ్వండి" అంది. మర్నాటికి ఆమె మర్చిపోయింది. నేను మర్చిపోలేదు. రోజంతా అరుపులు వినే మనిషి, ఇంట్లోనూ అరుపులేనా అనిపించింది. నా గొంతు మీకు తెలియదు, ఇంజను చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి పెరిగిన గొంతు. చిన్నగా మాట్లాడటం నాకు రాదు. ప్రయత్నించాను, గొంతు బొంగురుపోయి దొంగ మాట్లాడినట్టు వచ్చింది. రాని పని చెడగొట్టడం కన్నా మానెయ్యడం నయం కదా అనుకున్నాను.

మొదట ఆమె కోసమే నోరు మూసుకున్నాను. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత, నిజం చెప్పొద్దూ, భయం వేసింది. ఏళ్ళ తరబడి పలకని మనిషి ఉన్నట్టుండి "ఇవాళ గాలి బాగుంది" అంటే పిచ్చెక్కిందనుకోరూ? ఆమెతో అనాలనుకున్నవన్నీ మర్నాడు లాంచీలో అనేవాణ్ణి. ఆమె గురించి చెప్తుంటే ఆమెతో చెప్తున్నట్టే ఉండేది.

ఇది చెప్పగానే కరిగిపోతుందనుకున్నాను. కరగడమా! "తలనొప్పి వచ్చిన రోజు అన్న మాటని పద్నాలుగేళ్ళు మోస్తారా? గాడిద కూడా సాయంత్రానికి బరువు దించుతుంది!" అని కేకేసింది. నేనూ గట్టిగానే అన్నాను, "మరి నన్నేం చెయ్యమంటావ్" అని. రేవు రేవంతా మా వైపు తిరిగింది. టీ కొట్టావిడ స్టవ్వు ఆపేసింది, సరిగ్గా వినబడాలని.

అప్పుడు మీ చెల్లెలు నా పక్కన కూర్చుంది. "ఆఫీసులో అరిచేవాళ్ళని మేం ఎలా దించుతామో తెలుసా? మేం అరవం, గొంతు తగ్గిస్తాం. మా మాట వినాలంటే వాళ్ళూ తగ్గాల్సిందే" అంది. అంటూ అంటూ తగ్గించుకుంటూ పోయింది. వినబడక నేను వంగాను. ఇంకా తగ్గించింది, ఇంకా వంగాను. "ఇప్పుడు చెప్పండి" అంది. ఆ పైపు పగిలిన రోజు చెప్పబోయిన తమాషానే చెప్పాను. నా గొంతు అంత చిన్నగా వస్తుందని నాకే తెలియదు. పక్కన నిలబడ్డవాళ్ళకి కూడా వినబడలేదు, ఆమెకి వినబడింది. మొత్తం విని, "బాగోలేదు" అంది. ఇంకాస్త దగ్గరికి జరిగి, "ఇంకోటి చెప్పండి" అంది.

ఆదివారం ఆగలేదు నేను. లాంచీలో, ఇంట్లో, వంట చేస్తూ, గిన్నెలు కడుగుతూ. నిన్న సాయంత్రానికి "అబ్బ, నా చెవులు" అంది. టక్కున నోరు మూసుకున్నాను. "మళ్ళీ మూసుకున్నారా?" అని దానికీ కోప్పడింది. తెరిచినా తప్పే మూసినా తప్పేనా అంటే, "కాపురమంటే అదే, ఇన్నాళ్ళూ తప్పించుకున్నారు" అంది.

అయినా వస్తోంది వదినా మీ దగ్గరికి. రేపు పొద్దుటి బస్సుకే. ఉండిపోవడానికా, చుట్టంచూపుకా అని అడిగాను. "తెలియదు" అంది. "మీరు మంచి చేస్తున్నాననుకుంటూ నన్ను ఇన్నేళ్ళు ఒంటరిగా ఉంచారు. రెండు రోజుల మాటలతో అది తీరదు. మా అక్క పక్కన కూర్చుని ఆలోచించుకోవాలి" అంది. దానికి నా దగ్గర తమాషా ఏమీ లేదు. నిజమే అన్నాను. పరదా కుట్టి ఉంచండి, ఆమెకి పొద్దుటెండ కళ్ళలో పడితే తలనొప్పి వస్తుంది, ఎడమ పక్క.

నేనెప్పుడూ "త్వరగా రా" అనలేదట. అది కూడా చెప్పింది. రేపు బస్సు దగ్గర అనాలి. బస్టాండులో అంత గోలలో నా గొంతు తన పాత అలవాటుకి పోతుందేమో, పదిమందిలో కేకలా పడుతుందేమో అని భయంగా ఉంది. అందుకని ఇప్పుడు, ఆమె పక్క గదిలో బట్టలు మడతపెడుతుంటే, గోడ వైపు తిరిగి, గొంతు బాగా తగ్గించి, ఒకసారి అని చూసుకున్నాను.

పక్క గదిలోంచి, "వినబడింది" అని జవాబు వచ్చింది.

మీ మరిది