అమ్మ దస్తూరి దిద్దుకున్న వేసవి

అత్‌బాషి, మే నెల

ప్రియమైన కెంజేకి,

అమ్మ దీవెనలు. ఈ రాత చూసి కంగారు పడకు. ఇన్నాళ్లూ ఉత్తరాలు మీ నాన్నే రాసేవారు. చివర్లో "అమ్మ ముద్దులు" అని నా తరఫున కూడా ఆయనే రాసేసేవారు. గొర్రెల ఫారంలో బోర్డులన్నీ రాసిన చెయ్యి ఇంట్లో ఉండగా నేను కలం పట్టడం దేనికని ఊరుకున్నాను. ఏప్రిల్‌లో ఆయన గుర్రం మీద నుంచి పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఇక మీదట ఆయన చెబుతారు, నేను రాస్తాను.

గొర్రెలు ఈనాయి. కనుమలో మంచు ఇంకా కరగలేదు. మీ పెదనాన్న రోజూ వచ్చిపోతున్నారు. ఈమధ్య ఇంటికి జనం రాక ఎక్కువగా ఉంది, వాళ్లకి టీలు పోయడంతోనే పొద్దు పోతోంది. పొయ్యి మీద పాలు పొంగిపోయినా నాకు తెలియడం లేదు. పక్కింటావిడ వచ్చి దించింది.

"ఆ చలిలో చేతులు జాగ్రత్తరా" అని మీ నాన్న రాయమంటున్నారు.

నీ అమ్మ,
జిపారా


ఓడ మీద నుంచి, జూన్

ప్రియమైన అమ్మా,

చేపలు పట్టుకుపోవడానికి వచ్చిన పెద్ద ఓడ నీ ఉత్తరం తెచ్చింది. సగమే చదవగలిగాను. నాతో పాటు ఇంజను గదిలో పనిచేసే గ్లేబ్ దాన్ని తలకిందులుగా కూడా తిప్పి చూశాడు. "మీ అమ్మ రాసిందా, సిరాలో కాళ్లు ముంచిన కోడి నడిచిందా?" అన్నాడు. నాలుగు తన్నాను. గొర్రెలు ఈనాయని రాశావో, ఇరుక్కున్నాయని రాశావో నాకు ఇంకా అనుమానమే.

నవ్వులు పక్కన పెట్టు. నాన్న చెయ్యి ఎలా ఉంది? ఎముక సరిగ్గా అతుక్కుందా? ఒక పని చెయ్యమ్మా. ఎడం చేత్తో కాగితం మీద ఒక్క గీత గీయమను. పేరు కూడా వద్దు. ఆ గీత నా మంచం పక్కన అంటించుకుంటాను. అక్టోబరు దాకా మా ఓడ ఒడ్డుకు రాదు. అంతవరకు ఆయన చేతి గీత కనబడకపోతే నాకు మనసు మనసులో ఉండదు.

నువ్వు మాత్రం బడికి పోయి, ఒకటో తరగతి వాళ్ల కాపీ పుస్తకం అడిగి తెచ్చుకుని దస్తూరి దిద్దుకో. నిజంగానే అంటున్నాను.

నీ కెంజే


అత్‌బాషి, జూలై

ప్రియమైన కెంజేకి,

నువ్వు చెప్పినట్టే కలీమా టీచరు దగ్గరికి వెళ్లాను. నా చేతిలో కలం చూసి నెత్తి కొట్టుకుంది.

"పెద్దమ్మా, కోడి మెడ పిసికినట్టు పట్టుకుంటే అదేం రాస్తుంది పాపం? వదులుగా పట్టుకో. అదెక్కడికీ పారిపోదులే."

"పట్టు వదిలితే ఏదీ నిలవదమ్మా" అన్నాను. ఆ పిల్ల నా వేళ్లు ఒక్కొక్కటే సడలించింది.

ఇప్పుడు పొద్దున్నే పాలు పితికి, వెన్న తీసి, కాపీ పుస్తకం ముందు కూర్చుంటున్నాను. ముందు వాలు గీతలు, తర్వాత కొక్కేలు, ఆ తర్వాత సున్నలు. పేజీ నిండా సున్నలు పెడుతున్నంత సేపూ తలలో ఏ ఆలోచనా ఉండదు. అది నాకు బాగుంది. వీధిలో ముసలమ్మలు వదలడం లేదు. "ఏమే కోడలా, బ్యాగు ఏదీ? జడలు వేసుకోలేదేం?" అంటున్నారు.

ఆయన ఎడం చెయ్యి కూడా వాచింది. గీత గీయలేరు. మనసు పాడు చేసుకోకు. ఆయన చెబుతున్నది చెప్పినట్టే రాస్తున్నాను, చూడు: "కెంజే, మొన్న మేత కొండ మీద ఊళపెట్టేది మందలో పడి మచ్చల గొర్రెను ఎత్తుకుపోయింది. మేము కర్రలు అందుకునేలోపే మాయమైంది. నువ్వు ఉంటే తరిమేవాడివి."

ఈసారి చదవగలిగావా?

నీ అమ్మ,
జిపారా


ఓడ మీద నుంచి, ఆగస్టు

ప్రియమైన అమ్మా,

నీ ఉత్తరం అందింది. ప్రతి అక్షరమూ చదవగలిగాను. చాలాసార్లు చదివాను.

ఇక్కడ కొత్త సంగతులేమీ లేవు. చేపలు వస్తున్నాయి, గడ్డకడుతున్నాయి, పోతున్నాయి. మంచుగది యంత్రం చెడితే లోపలికి వెళ్లి బాగుచేశాను. బయటికి వచ్చి వేడి టీ గ్లాసు పట్టుకున్నాను. చర్మం ఎర్రగా కమిలింది గానీ వేడి తెలియలేదు. "ఏమైందిరా నీకు?" అని గ్లేబ్ అడిగాడు. ఏమీ కాలేదని చెప్పాను. ఏమైనా అయిందని నాతో ఎవరూ అనలేదు కదా.

నాన్న గీత గీయనక్కరలేదు. చేతిని ఇబ్బంది పెట్టొద్దు.

నీ రాత గురించి ఒక మాట. అక్షరాల కింద నాన్నలా పొడుగాటి తోకలు లాగుతున్నావు. అవి నీ చేతికి నప్పడం లేదు. నీ అక్షరాలు పొట్టిగా, గుండ్రంగా వస్తాయి. అలాగే రానీ. నాకు నీ రాతే కావాలి.

వేళకు తింటున్నావా? ఏం తింటున్నావో రాయి. పక్కన ఎవరైనా పడుకుంటున్నారా?

నీ కెంజే


అత్‌బాషి, సెప్టెంబరు

ప్రియమైన కెంజేకి,

నూడుల్స్ చేసుకుంటున్నాను. మాంసం పెదనాన్న పంపుతున్నారు. ఆయన చిన్న కూతురు వచ్చి నా దగ్గర పడుకుంటోంది, నిద్రలో తన్నేస్తోంది.

బడి తెరిచారు. కలీమా నా పుస్తకాన్ని ఒకటో తరగతి వాళ్లకి చూపించి, "మన పెద్దమ్మలా రాయండిరా" అన్నదట. నాకు సంతోషం కలగాల్సింది. విని ఊరుకున్నాను. తోకలు మానేశాను. "గీత గీసేటప్పుడు ఊపిరి బిగబట్టకు పెద్దమ్మా, మధ్యలో వదులు" అంటుంది ఆ పిల్ల. బిగబడితేనే చెయ్యి వణకదు. వదిలితే ఏమవుతుందో నాకు తెలియదు.

నీ కిందటి ఉత్తరంలో నాన్నను ఒక్క మాటా అడగలేదు నువ్వు. "వాడు నా గురించి ఏం రాశాడు?" అని ఆయన అడిగారు. చాలా రాశాడని చెప్పాను.

ఓడ ఎప్పుడు ఒడ్డుకు వస్తుంది? కబురు పంపు.

నీ అమ్మ,
జిపారా


రేవు ఊరి నుంచి, అక్టోబరు

ప్రియమైన అమ్మా,

ఒడ్డుకు చేరాను. నెలాఖరుకు ఇల్లు చేరతాను. అంతవరకు ఇక ఆయన మాటలు రాయకు. నాకు తెలుసు.

జూలైలోనే తెలిసింది. ఊళపెట్టేది అని రాశావు. తాతయ్య పేరు బోరుబాయ్, మన భాషలో బోరు అంటే తోడేలే. మామగారి పేరు కోడలి నోట రాకూడదు కాబట్టి నువ్వు జన్మలో ఆ మాట అనలేదు. చేత్తో రాయడానికి కూడా నీకు మనసొప్పలేదు. కానీ నాన్నకు ఆ కట్టుబాటు ఏముంది? ఆయన తోడేలును తోడేలు అనే అంటాడు, ఒక బూతు కూడా చేరుస్తాడు. ఆయన చెబితే నువ్వు రాసిన ముక్క కాదది. నీ పక్కన ఎవరూ లేరు. నువ్వు ఒక్కదానివే కూర్చుని ఆయన మాటలు కూడా నువ్వే అల్లుతున్నావు.

నీ మీద కోపం లేదు. దూరాన ఉన్నవాడికి అలాంటి కబురు కాగితం మీద పంపరు. వాడు వచ్చాక పెద్దలు ఎదురుగా నిలబడి నోటితో చెప్పాలి. నాకూ తెలుసు ఆ పద్ధతి. అందుకే నేనూ ఏడవలేదు. చెప్పనిదానికి ఎలా ఏడవను? ఆయన ఉన్నాడని అనుకోలేక, లేడని అనుకోలేక, చేపల పెట్టెలు మోస్తూ తిరిగాను.

పెదనాన్నను వంతెన దగ్గర నిలబడమను. నాన్చకుండా సూటిగా చెప్పమను. అక్కడి నుంచి ఇంటిదాకా నేను గుర్రం మీద "అయ్యో నా తండ్రీ" అని అరుస్తూ రావాలి కదా. ఊరంతా వింటుంది. నా భయమంతా అదే. నాకు గొంతు పెగలదేమో.

నీ కెంజే


అత్‌బాషి, అక్టోబరు

ప్రియమైన కెంజేకి,

నువ్వు అడిగినట్టే ఇక ఆయన మాటలు రాయను. పెదనాన్న వంతెన దగ్గరే ఉంటారు. గుర్రాన్ని కూడా అక్కడికే పంపుతాం.

గొంతు గురించి దిగులు పడకు. నాకూ పెగల్లేదు. ఇంటి ఆడదాన్ని, గోడవైపు తిరిగి కూర్చుని ఆయన మంచితనమంతా పాటకట్టి ఏడవాలి. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. పక్కింటి ఆడవాళ్లే నా వంతు కూడా ఏడ్చారు. జనం వెళ్లిపోయాక నీకు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. నీ దగ్గర ఆయన్ని నిలబెట్టుకోవాలంటే నేను ఏడవకూడదని అనుకున్నాను. రాస్తున్నంత సేపూ ఆయన కోసం చెవి ఒగ్గి కూర్చునేదాన్ని. ఒక్కోసారి ఏదో అన్నారనే అనిపించేది. రాత బాగుపడింది. నేను మాత్రం ఏప్రిల్లోనే ఆగిపోయాను.

గుర్రం మీద నుంచి పడ్డారన్నది అబద్ధం కాదు. కొండ మీద నుంచి కంబళిలో మోసుకొచ్చి మధ్య గదిలో పడుకోబెట్టారు. కళ్లారా చూస్తున్నాను కదా అనుకుని, నాతో ఎవరూ నోరు తెరిచి ఆ మాట చెప్పలేదు. టీ పెట్టమన్నారు. పెట్టాను.

పద్ధతి ప్రకారం నేను లోపలే కూర్చోవాలి. కూర్చోను. నేనూ వంతెన దగ్గరికి వచ్చి నీ పక్కన నిలబడతాను. పెదనాన్న మనిద్దరికీ కలిపి చెబుతారు. నాకూ ఎవరైనా చెప్పాలి, కెంజే.

నీ అమ్మ,
జిపారా