సంతకంలో పొడి అక్షరం

ఆగస్టు 21, గురువారం

పొద్దున ఫైనలియర్ వాళ్లకు విక్టోరియా రాణి ప్రకటన పాఠం చెప్పాను. ప్రజల మత విశ్వాసాల్లో జోక్యం చేసుకోబోమని ఆమె మాటిచ్చింది. తర్వాత ఆ ప్రభుత్వమే జనాభా లెక్కలు మొదలుపెట్టి, మనిషికి ఒక మతం చొప్పున గడి గీసింది. పిల్లలు రెండూ రాసుకున్నారు.

మధ్యాహ్నం హుసేనమ్మ ఒక అప్లికేషన్ పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది. గుమ్మఘట్ట అమ్మాయి, ఆ క్లాసులోనే చదువుతుంది. పేరు మార్చుకోవాలట, గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావాలి.

“ఎందుకమ్మా?” అన్నాను.

“మా అవ్వ పీర్ల సావిడికాడ మొక్కుకొని పెట్టింది సార్. ఊర్లో ఏం బాధ లేదు. ఈడ టౌన్లో రూము అడిగితే, పేరు ఇని లేదు పొమ్మంటాండారు. మేం హిందువులమే అంటే, మరి ఆ పేరెందుకు అంటారు. నేనేం చెప్పేది సార్?”

నిజంగా ముస్లిం అయితే మాత్రం రూము ఎందుకివ్వకూడదన్నది అప్పుడు మా ఇద్దరికీ తోచలేదు. ఇప్పుడు రాస్తుంటే తోస్తోంది.

కొత్త పేరు హేమలత. సంతకం చేసి స్టాంపు వేశాను. ఆమె కాగితం చూసుకుని, “సార్, కె. డి. రెడ్డి అంటే, డి ఏంది సార్?” అని అడిగింది.

“దామోదర” అన్నాను.

దస్తగిరి. అమ్మ దర్గాలో మొక్కుకున్నాక పుట్టానని ఆ పేరు పెట్టింది. సర్వీసు రిజిస్టరులో తప్ప దాన్ని ఇప్పటిదాకా ఎక్కడా పూర్తిగా రాయలేదు. ఈ డైరీ అట్ట మీద కూడా.