అత్త మానేసిన చుట్ట

1998. బుధవారం రాత్రి.

ఇవాళ జరిగింది ఇప్పుడే రాసుకోకపోతే రేపటికి నేనే నమ్మను.

పొద్దున ఈ హిందీ ఊరి కేబుల్ ఆయన గుమ్మంలో నిలబడి, "భాభీజీ, క్రికెట్ ఛానల్‌కి ఈ నెల నుంచి అలగ్ పైసా" అన్నాడు, విడిగా కట్టాలట. ఏడాదిలో ఇది రెండో పెంపు. మా ఆయన ప్లాంటు జీతం మాత్రం ఉన్నచోటే ఉంది. ఆ ఛానల్ మాకొద్దని చెప్పేశాను. వెనక మంచం మీంచి అత్త గొంతు వినిపించింది.

"నా సుట్టల డబ్బులు ఆడికిచ్చీ. ఇయ్యాల్టి నుంచి నాకు సుట్ట తేకండి."

నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని నలభై ఏళ్లుగా అడ్డపొగ తాగుతున్న మనిషి! డాక్టరు తిట్టినా మానలేదు. కన్నకొడుకు కాళ్లు పట్టుకున్నా మానలేదు. హిందీ కామెంటరీ ఒక్క ముక్క కూడా అర్థం కాని ఆట కోసం మానేసింది.

ఆ డబ్బుతో ఛానల్ ఉంచుకున్నాం గానీ, సాయంత్రమంతా నేను టీవీ చూడలేదు, ఆవిణ్ణే చూశాను. వికెట్ పడినప్పుడల్లా చెయ్యి నోటిదాకా వెళ్లి, ఖాళీగా ఒళ్లోకి దిగిపోయేది. ఇంకోసారి రేటు పెంచితే ఈవిడ ఏం వదులుకుంటుందో అని నాకు భయం కూడా వేసింది.

చివరికి మనవాళ్లు ఓడిపోయారు. మనసాగక, డబ్బాలో మిగిలిన ఒక్క చుట్టా తెచ్చి అత్త పక్కన పెట్టాను.

"పోన్లే అత్తా, ఇవాల్టికి ఇదొక్కటీ కాల్చుకో."

దాని వైపైనా చూడకుండా నా చేతిలోకి తోసేసింది.

"తీసీ. ఎల్లుండి మళ్లా ఆట ఉందంట కదేటి?"