ఐదు సెకన్లలో పందొమ్మిది

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. మీ బావ మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది, పిల్లల పరీక్షలు గట్టెక్కాయి. నువ్వూ మరదలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. పని ఒత్తిడి వల్ల జవాబు రాయలేదంటే అది సగమే నిజం. మా గది నువ్వు చూశావుగా, గోడల నిండా మెత్తటి అట్టలు, ఒక మైకు, కిటికీ లేదు. ఒక్కొక్కరే వచ్చి కూర్చుని, ఊపిరి పీల్చుకుని 'పటక పటక' అని చేతనైనంత వేగంగా అంటారు. ఏ జబ్బూ లేనివాళ్లు ఏ భాషలో ఎంత వేగంగా అనగలరో తెలిస్తే, జబ్బుపడ్డవాళ్లని త్వరగా పోల్చుకోవచ్చని మా డాక్టరమ్మ ఆశ. నాలుగు భాషలవాళ్లు అయ్యారు. కొందరు 'ట' దగ్గర తడబడతారు, కొందరు నవ్వాపుకోలేరు. సాయంత్రానికి నా చెవులు హోరెత్తిపోతాయి. పొయ్యిమీద అన్నం ఉడుకుతుంటే ఆ తుకతుకల్నీ లెక్కపెడుతున్నానట. మీ బావ నవ్వుతారు. నాకు నవ్వే ఓపిక కూడా లేదు.

మార్కెట్లో వేలం వేసే నీ నోటి వేగానికే మా యంత్రం చెడిపోయిందా, బాగు చేయించారా, నీ లెక్క ఎంత వచ్చింది అని అడిగావు. ఈమధ్య మార్కెట్లో కొనేవాళ్లు నీచేత ధర రెండోసారి చెప్పించుకుంటున్నారనీ, అదంతా బస్తాల దుమ్ము వల్లేననీ రాశావు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

యంత్రం చెడిపోలేదు, తమ్ముడూ.

పోయిన నెల మన భాషవాళ్లలో ఒకరు తక్కువయ్యారని నిన్ను కూర్చోబెట్టాను. 'ప' ఒక్కటే ఐదు సెకన్లు అనమంటే ఇక్కడికి వచ్చినవాళ్లు ముప్పై దాకా అన్నారు. నువ్వు పందొమ్మిది అన్నావు. మూడుసార్లు అనిపించాను. ప్రతిసారీ చివరికొచ్చేసరికి మాట బరువెక్కి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయింది. "ఫస్టు నేనేగా అక్కా?" అన్నావు నువ్వు. యంత్రం పాడైందని నా నోట వచ్చేసింది.

మొన్న డాక్టరమ్మ రికార్డింగులన్నీ వరసగా వింటూ నీ దగ్గర ఆపారు.

"ఈయన ఆరోగ్యవంతుల జాబితాలో ఎందుకున్నారు?"

"మా తమ్ముడండీ."

ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టారు. "ఆయనకి చెప్పారా?"

చెప్పలేదన్నాను. చీవాట్లు పెడతారనుకున్నాను. కుర్చీ దగ్గరకు లాక్కుని, కారణాలు చాలా ఉండొచ్చని, కొన్ని మందులతో నయమవుతాయని, ఆలస్యం మాత్రం పనికిరాదని చెప్పారు. ఈ నెలరోజులూ నేను చేసింది అదే.

వచ్చే బుధవారం ఉదయం నరాల డాక్టరు దగ్గర నీ పేరు రాయించాను. ఈ ఉత్తరం మరదలికి చదివి వినిపించు, నాలాగా దాచకు. ఇద్దరూ రండి. బస్టాండులో ఉంటాను.

నామీద కోపం వస్తుంది, రావాలి కూడా. వచ్చాక తిట్టు. ఎంత నిదానంగా తిట్టినా చివరి మాట దాకా వింటాను.

ఇట్లు,
నీకు నిజం చెప్పడానికి నెల పట్టిన
మీ అక్క